పాట పాడే ఆన్సరింగ్ మెషీన్

1980లలోనూ 90ల మొదట్లోనూ అమెరికాలో ఎవరింటికైనా ఫోను చేస్తే, అక్కడ ఎత్తేవారు లేకపోతే, ఒక్కోసారి మాటకు బదులు పాట వినిపించేది. ఇరవై, ముప్ఫయి సెకన్ల పాట. బీథోవెన్ బాణీలోనో, ర్యాప్ ధోరణిలోనో, ఏ సినిమా నటుడి గొంతునో అనుకరిస్తూనో అది చెప్పే సంగతి ఒక్కటే: మేం అందుబాటులో లేము, బీప్ వచ్చాక మీరు చెప్పదలచుకున్నది చెప్పండి. ఇలాంటి పలకరింపులను కొందరు ఇంట్లోనే కట్టుకుని పాడుకునేవారు. అంత ఓపిక లేనివారు బజార్లో రెడీమేడ్ క్యాసెట్ కొనుక్కునేవారు. టేపు పోయి చిప్పు వచ్చేసరికి ఈ ముచ్చట కూడా సద్దుమణిగింది. ఇవాళ దీన్ని తలుచుకుని మురిసేవాళ్లలో ఆ పాట పెట్టినవాళ్లున్నారు, దాన్ని విన్నవాళ్లున్నారు. ఇద్దరి జ్ఞాపకాలూ ఒకటి కావు.

యంత్రం ఇంటికి చేరిన దారి

ఫోనులో వచ్చిన మాటను యంత్రం పట్టి ఉంచాలన్న ఆలోచన దాదాపు ఫోనంత పాతది. డెన్మార్క్ ఇంజినీరు వాల్డెమార్ పౌల్సెన్ 1898లో టెలిగ్రాఫోన్ తయారుచేశాడు. ఉక్కు తీగ మీద అయస్కాంత శక్తితో శబ్దాన్ని నిలిపే యంత్రం అది. 1900లో పారిస్ ప్రదర్శనకు పెట్టినప్పుడు ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ దాని ముందు మాట్లాడాడు, ఆ రికార్డు ఇప్పటికీ ఉంది. పౌల్సెన్ మనసులో ఉన్న ఉపయోగాల్లో ఫోను సందేశాలు పట్టడం ఒకటి.

తర్వాత మూడు దశాబ్దాలకు అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో క్లారెన్స్ హిక్‌మన్ టేపు మీద నడిచే ఆన్సరింగ్ మెషీన్‌ను 1934 నాటికే పని చేయించి చూపించాడు. కానీ మాతృసంస్థ ఏటీ అండ్ టీ దాన్ని జనంలోకి వదల్లేదు. మాట రికార్డవుతుందని తెలిస్తే జనం ఫోనులో మాట్లాడడమే తగ్గించేస్తారన్నది కంపెనీ భయమని చరిత్రకారుడు మార్క్ క్లార్క్ ఆ సంస్థ కాగితాలు తిరగేసి 1993లో రాశాడు. జనం అలా భయపడేవారో లేదో గాని, వాళ్లు చివరికి ఆ యంత్రంతో చేసిన పని చూస్తే ఆ పెద్దమనుషులు నవ్వాలో ఏడవాలో తెలియక తలపట్టుకునేవారు.

1940ల చివర విస్కాన్సిన్ రాష్ట్రంలో జోసెఫ్ జిమ్మర్‌మన్, జార్జ్ డానర్ కలిసి ‘ఎలక్ట్రానిక్ సెక్రటరీ’ని తెచ్చారు. దాని బరువు సుమారు 80 పౌన్లు, మన లెక్కలో 36 కిలోలు. ఫోను మోగగానే రిసీవర్‌ను పైకి ఎత్తే పెట్టె ఒకటి, లోపల 78 ఆర్పీఎం గ్రామఫోను రికార్డు మీద పలకరింపు, పైన సందేశాలు పట్టడానికి తీగ రికార్డరు. అంటే తొలి తరం యంత్రంలో పలకరింపు అచ్చంగా గ్రామఫోను ప్లేటే. అయినా దాని మీద పాట పెట్టాలన్న తలంపు అప్పట్లో ఎవరికీ రాకపోవడానికి కారణం సులువుగానే తెలుస్తుంది. అది ఆఫీసు సామాను, వ్యాపారస్తులు డబ్బు పోసి పెట్టించుకునేది. 1960లో అమెరికాకు వచ్చిన కాజువో హాషిమోటో ‘ఆన్సఫోన్’దీ అదే ధోరణి. 1971లో ఫోన్‌మేట్ తెచ్చిన మోడల్ 400 మాత్రం పది పౌన్ల బరువుతో, రీలు టేపుతో, ఇరవై సందేశాలు పట్టే చిన్న పెట్టెగా ఇంటి బల్ల మీదికి వచ్చింది.

ఇంటికి రావడానికి అసలు అడ్డంకి బరువు కాదు, చట్టం. ఫోను కంపెనీ తన తీగలకు బయటివాళ్ల సామాను తగిలించనిచ్చేది కాదు. 1968లో కార్టర్‌ఫోన్ కేసులో వచ్చిన తీర్పుతో ఆ గుత్తాధిపత్యానికి మొదటి దెబ్బ తగిలింది. అప్పటికీ కంపెనీ ఊరుకోలేదు. లైనుకు రక్షణ అంటూ ఒక పరికరం అద్దెకు తీసుకోవాల్సిందేనంది. 1970ల చివరికి ఆ మెలికా తొలగి, 1984 జనవరి 1న ఏటీ అండ్ టీ ముక్కలయ్యాక, ఫోనూ మెషీనూ రేడియోల మాదిరిగా దుకాణంలో కొనుక్కుని గోడ ప్లగ్గుకు పెట్టుకునే వస్తువులయ్యాయి. పాటల క్యాసెట్లు సరిగ్గా ఈ రోజుల్లోనే పుట్టాయి. వస్తువు తనదైతే తప్ప మనిషికి దానితో ఆడుకోబుద్ధి కాదు.

దీనికి ఒక ముందుకథ ఉంది. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో స్టీవ్ వోజ్నియాక్ అనే కుర్రవాడు, తర్వాత ఆపిల్ కంప్యూటర్ రూపొందించినవాడే, మెషీన్ సొంతంగా కొనే వీలు లేక ఫోను కంపెనీ నుంచి అద్దెకు తెచ్చి ఇంట్లో జోకుల లైను నడిపాడు. ఎవరు ఫోను చేసినా ఒక జోకు వినిపించేది. అప్పుడప్పుడు యంత్రాన్ని పక్కకు తోసి తనే ఎత్తేవాడు. అలా ఒకసారి ఎత్తినప్పుడు పలికిన అమ్మాయి తర్వాత అతని మొదటి భార్య అయింది.

నాలుగడుగుల ఎనిమిదంగుళాల టేపు

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన మామూలు క్యాసెట్టే ఈ యంత్రాలకు ప్రాణం. రెండు క్యాసెట్ల మెషీన్‌లో ఒకటి వచ్చిన సందేశాలకు, ఇంకొకటి పలకరింపుకు. ఈ రెండోది చూడ్డానికి పాటల క్యాసెట్ లాగే ఉన్నా లోపల కథ వేరు. దానికి అటో చక్రం ఇటో చక్రం ఉండవు. ఒకే చుట్ట ఉంటుంది. టేపు చుట్ట లోపలి అంచు నుంచి బయటికి వచ్చి, హెడ్డు ముందు నుంచి పోయి, మళ్లీ అదే చుట్ట బయటి అంచుకు చుట్టుకుంటుంది. మొదలూ చివరా లేని మాల. పొరల మధ్య రాపిడి తగ్గడానికి టేపు వెనకవైపు నునుపు పూత వేస్తారు. అతుకు దగ్గర చిన్న లోహపు రేకు అంటించి ఉంటుంది. అది తిరిగి వచ్చి తగలగానే యంత్రానికి ఒక చుట్టు పూర్తయిందని తెలుస్తుంది, ఆగుతుంది, బీప్ ఇస్తుంది.

క్యాసెట్ టేపు సెకనుకు ఒకటీ ఏడెనిమిదో వంతుల అంగుళాల వేగంతో నడుస్తుంది. ముప్ఫయి సెకన్ల పలకరింపుకు కావలసిన టేపు నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. ఈ పాటల శిల్పమంతా ఆ కొలతలోనే ఇరుక్కుంది. లూపు క్యాసెట్లు ఇరవై సెకన్లవి, ముప్ఫయి సెకన్లవి, నిమిషానివి అంటూ కొలతల వారీగా అమ్మేవారు. ముప్ఫయి సెకన్ల లూపులో పద్దెనిమిది సెకన్ల పాట పెడితే చాలా మెషీన్లలో మిగిలిన పన్నెండు సెకన్లూ రేకు తిరిగి వచ్చేదాకా అవతలివాడు నిశ్శబ్దం వింటూ నిలబడాల్సిందే. లైను పోయిందనుకుని పెట్టేసేవాళ్లు చాలామంది. అందుకని తెలిసినవాళ్లు పాటను లూపుకు సరిపడా సాగదీసేవారు, లేదా చివర్న సంగీతం వాయించి నింపేవారు. ఒకే క్యాసెట్ ఉన్న మెషీన్లది ఇంకో అవస్థ. పలకరింపు టేపు మొదట్లో ఉంటుంది. అది అయ్యాక యంత్రం అప్పటికే నిండిన సందేశాలన్నీ దాటి ముందుకు పరుగెత్తాకే బీప్ ఇస్తుంది. సందేశాలెన్నుంటే ఎదురుచూపు అంత.

ఇంట్లో రికార్డు చేసుకోవడం చిన్న తతంగం. బటన్ నొక్కి పట్టుకుని, ఎర్ర దీపం వెలిగాక, మెషీన్‌కే ఉన్న చిన్న మైకు వైపు వంగి పాడాలి. వెనక సంగీతం కావాలంటే స్టీరియోను పక్కకు జరిపి, ఒకరు దాన్ని ఆన్ చేస్తే ఇంకొకరు పాడాలి. వెనక కుక్క అరిచినా, పిల్లవాడు నవ్వినా మళ్లీ మొదటికే. అలాంటి పొరపాట్లతో సహా వదిలేసిన పలకరింపులే విన్నవాళ్లకు ఎక్కువ గుర్తుండిపోయాయి.

రెడీమేడ్ నవ్వు

అమ్మకానికి వచ్చిన క్యాసెట్లలో పేరు మోసింది ‘క్రేజీ కాల్స్’. 1980ల రెండో సగంలో దాని ప్రకటన అమెరికా టీవీల్లో తెగ వచ్చేది. ఇంట్లో ఎవరూ లేరన్న మాటను బీథోవెన్ ఐదో సింఫనీ తొలి నాలుగు స్వరాల్లో ఇమిడ్చి పాడించడం అందులో అందరికీ గుర్తున్న తునక. ఆ నాలుగు స్వరాలూ 1808లో వియన్నాలో తొలిసారి వినిపించినవి. అవి పడగానే ప్రపంచంలో ఎవరైనా గుర్తుపడతారు, పైగా ఎవరికీ రాయల్టీ కట్టనక్కర్లేదు. రెండూ కలిసిన బాణీలు ఎన్నో దొరకవు. మిగతావి అప్పటి మోజును బట్టి, ర్యాప్ లాంటి బాణీల్లో. ఇదే కోవలో మిమిక్రీ కళాకారుల చేత నాయకుల గొంతుల్లో, పాత సినిమా హీరోల గొంతుల్లో చెప్పించినవీ దుకాణాల్లో దొరికేవి.

పేరడీకి బాణీ తెలిసి ఉండడమే పెట్టుబడి. మన జరుక్ శాస్త్రి పేరడీలు పండింది అసలు పద్యం పాఠకుడికి నోటికి వచ్చు కాబట్టే. ఆన్సరింగ్ మెషీన్ పాటకు ఈ సూత్రం ఇంకా గట్టిగా వర్తిస్తుంది, ఎందుకంటే అక్కడ గుర్తుపట్టడానికి దొరికే వ్యవధి రెండు సెకన్లు. ఫోను తీగలో పోయే శబ్దం సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యనే. డ్రమ్ముల గుండె, బేస్ గిటారు అడుగు అన్నీ దారిలోనే రాలిపోతాయి. మిగిలేది గొంతూ, తాళమూ, గట్టి ఇత్తడి వాద్యాలూ. అందుకే ర్యాప్ ఈ పనికి బాగా కుదిరింది, మెత్తని ప్రేమగీతాలు కుదరలేదు.

ఇంతకీ పాట ఎందుకు? యంత్రంతో మాట్లాడడం ఆ రోజుల్లో చాలామందికి అవమానంగా ఉండేది. మనిషి కోసం ఫోను చేస్తే పెట్టె జవాబివ్వడం మర్యాద తక్కువతనమనే భావన బలంగా ఉండేది. బీప్ వినగానే మాట తడబడి పెట్టేసేవాళ్లు ఎందరో. పలకరింపులో హాస్యం పెట్టడం యజమాని ఆ మోటుతనానికి చెప్పుకున్న క్షమాపణ అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ‘నాకూ తెలుసు ఇది పెట్టె అని, కాస్త నవ్వి ఊరుకోండి’ అన్నట్టు. యంత్రం అందరికీ అలవాటయ్యాక క్షమాపణ అవసరం తీరిపోయింది, పాటకూ పని లేకుండా పోయింది. ఒక వైపు పోలీసులు, పత్రికలు ఇంట్లో ఎవరూ లేరని యంత్రంలో చెప్పకండి, దొంగలకు కబురు చేసినట్టవుతుందని మొత్తుకుంటుంటే, ఇంకో వైపు అదే మాటను సింఫనీ స్థాయిలో చాటే క్యాసెట్ హాయిగా అమ్ముడుపోవడం ఈ చరిత్రలోని చిన్న వింత.

టీవీ తెరా, పాటల లోకమూ

ఆన్సరింగ్ మెషీన్ అంటే ఏమిటో తెలియని ఇళ్లకు దాన్ని పరిచయం చేసిన ఘనత చాలావరకు ‘ది రాక్‌ఫర్డ్ ఫైల్స్’ సీరియల్‌ది. 1974లో మొదలైన ఈ డిటెక్టివ్ కథల్లో ప్రతి భాగమూ ట్రైలర్ ఇంట్లో మోగే ఫోనుతో, డిటెక్టివ్‌గా నటించిన జేమ్స్ గార్నర్ గొంతులోని పొడి పలకరింపుతో, దాని వెనక ఎవరో అప్పులవాడో, విసిగిన పరిచయస్తుడో వదిలిన సందేశంతో ప్రారంభమయ్యేది. ఆ వెంటనే మైక్ పోస్ట్, పీట్ కార్పెంటర్ కట్టిన సంగీతం.

మైక్ పోస్ట్‌కూ ఈ యంత్రానికీ ఏదో రుణం ఉన్నట్టుంది. 1981లో ‘ది గ్రేటెస్ట్ అమెరికన్ హీరో’ అనే సీరియల్‌కు ఆయన బాణీ కట్టిన టైటిల్ పాట, జోయీ స్కార్బరీ పాడినది, ఆ ఏడాది ఆగస్టులో బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా ఎక్కింది. పదహారేళ్ల తర్వాత, 1997 ఫిబ్రవరి 13న ప్రసారమైన ‘సైన్‌ఫెల్డ్’ కామెడీ సీరియల్ భాగంలో జార్జ్ కోస్టాంజా అనే పాత్ర అదే బాణీకి సొంత మాటలు వేసి తన మెషీన్‌లో పాడి పెట్టాడు. కథలో అతని అవస్థ ఏమిటంటే, స్నేహితురాలు తనను వదిలేయబోతోందని పసిగట్టాడు. ఓ పెద్ద విందుకు ఆమెతో కలిసి వెళ్లే దాకా ఆ మాట చెవిన పడకూడదు. కాబట్టి ఫోను ఎత్తడు. ఇంట్లోనే కూర్చుని, ఇంట్లో లేనని పాట వినిపిస్తాడు. ఇవాళ జనం ఈ పాటల గురించి ఎత్తితే ముందు గుర్తుచేసుకునేది జార్జ్ పాటే. నిజానికి 1997 నాటికి ఈ సరదా పాతబడిపోయింది, ఆ పాతదనం కూడా అందులో హాస్యమే. ఎవరు పిలుస్తున్నారో విని, కావాలనుకుంటే ఎత్తడం, లేకపోతే మానడం, ఈ దొంగాటకు మెషీన్ ఎంత చక్కగా పనికొచ్చేదో ఆ కథ చెప్పినంత బాగా మరేదీ చెప్పలేదు.

పాటల రచయితలకూ ఇది మంచి సరుకైంది. రూపర్ట్ హోమ్స్ 1979 ఆల్బంలో ‘ఆన్సరింగ్ మెషీన్’ అన్న పాట ఉంది, అందులో పెళ్లి ప్రస్తావన బీప్ దెబ్బకు మధ్యలో తెగిపోతుంది. 1984లో ది రీప్లేస్‌మెంట్స్ బృందం అదే పేరుతో మరో పాట చేసింది, ఇది కోపంతో కూడిన ఒంటరితనం. 1991లో డే లా సోల్ అనే ర్యాప్ బృందం తమను అవకాశాల కోసం ఫోన్లతో వేధించేవాళ్ల మీద చేసిన పాటలో పల్లవినే పలకరింపు సందేశంగా మలిచింది.

అయితే యంత్రాన్ని వేదికగా వాడుకున్నవాళ్లలో మొదట చెప్పాల్సింది న్యూయార్క్ జంట ‘దే మైట్ బీ జెయింట్స్’ గురించి. జాన్ లినెల్ మణికట్టు విరిగింది, జాన్ ఫ్లాన్స్‌బర్గ్ ఇంట్లో దొంగలు పడ్డారు, కచేరీలు ఆగిపోయాయి. అప్పుడు 1983లో బ్రూక్లిన్‌లోని తమ మెషీన్‌లోనే పాటలు పెట్టి, పత్రికలో చిన్న ప్రకటన ఇచ్చి ‘డయల్ ఎ సాంగ్’ మొదలుపెట్టారు. ఒక్కసారి ఒక్క శ్రోత మాత్రమే వినగల కచేరీ అది. ఇంకొకరు చేస్తే ఎంగేజ్ టోను. వాళ్ల తొలి ఆల్బం 1986లో వచ్చింది. దానికి ముందే ఈ లైనులో ఎన్నో పాటలు జనం చెవుల్లో పరీక్షకు నిలబడ్డాయి. మాటల వైపూ ఇలాంటి ప్రయోగం జరిగింది. 1980లో అదే నగరంలో ఆలన్ బ్రిడ్జ్ అనే కళాకారుడు తన మెషీన్‌ను పేరు చెప్పనక్కర్లేని తప్పుల ఒప్పుకోలు కోసం తెరిచి పెట్టాడు.

తీగకు ఇటువైపు

పాట పెట్టినవాడు దాన్ని రికార్డు చేసిన రోజు విని నవ్వుకుంటాడు. ఆ తర్వాత అతనికి అది వినబడేది అరుదు. రోజూ వినవలసిన కర్మ తల్లిదండ్రులది, ప్రేయసిది, ఆఫీసు గుమస్తాది. ముప్ఫయ్యోసారి బీథోవెన్ వింటే నవ్వు రాదు. దూరప్రాంతపు కాల్ అయితే డబ్బు కూడా పోయేది, యంత్రం ఎత్తగానే బిల్లు మొదలవుతుంది కాబట్టి. యజమాని తన సందేశాలు తాను బయటి నుంచి వినడానికి మాత్రం తయారీదారులు ‘టోల్ సేవర్’ అనే ఏర్పాటు పెట్టారు. కొత్త సందేశం ఉంటే యంత్రం రెండో రింగుకే ఎత్తుతుంది, లేకపోతే నాలుగో రింగు దాకా ఆగుతుంది. మూడో రింగు వినబడిందంటే పెట్టేయవచ్చు, పైసా ఖర్చు లేదు. ఈ దయ ఇతరులకు లేదు.

ఆ రోజుల్లో ఆంధ్రదేశం నుంచి అమెరికాలోని పిల్లలకు ఐఎస్‌డీ బూతు నుంచి ఫోను చేసినవారికి ఈ లెక్క బాగా తెలుసు. నిమిషానికి పదుల రూపాయల చొప్పున ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే, అవతల పాట అయి బీప్ వచ్చేదాకా ఆగడం అంటే మాటలు కాదు.

మన దగ్గర ఆన్సరింగ్ మెషీన్ పెద్దగా పాతుకోలేదు. 1991 నాటికి 84 కోట్ల దేశంలో ల్యాండ్‌లైన్లు సుమారు 50 లక్షలే. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజులవి. ఉన్న ఫోను ఎత్తడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ ఉండేవారు. ఫోను లేనివాళ్లు విజిటింగ్ కార్డు మీద పక్కింటివారి నంబరు వేసి ‘పీపీ’ అని రాసుకునేవారు. పక్కింటి పిన్నిగారే మన ఆన్సరింగ్ మెషీన్. కబురు తు.చ. తప్పకుండా చెప్పడమే కాక దాని మీద వ్యాఖ్యానం కూడా చేసేది.

పాటతో పలకరించే ముచ్చట మనకు సెల్‌ఫోనుతో, వేరే దారిన వచ్చింది. దక్షిణ కొరియాలో 2002లో మొదలైన రింగ్‌బ్యాక్ ట్యూన్లు 2004లో ‘హలో ట్యూన్స్’ పేరిట మన దేశానికి చేరాయి. సినిమా పాటలు, దీక్షల కాలంలో భక్తి గీతాలు, ఎవరి అభిరుచి వారిది. ఫోను ఎత్తకముందే మోగుతుంది గనుక ఈ పాటకు చేసినవాడి జేబు చిల్లు పడదు, ఆ రోజుల్లో పెట్టుకున్నవాడే నెలనెలా కట్టుకోవాల్సి వచ్చేది. న్యాయం ఇక్కడ తిరగబడి సరైంది. 2020 మార్చిలో పాటల స్థానంలో కరోనా దగ్గు వినిపించినప్పుడు జనం పడ్డ విసుగు, ముప్ఫయ్యోసారి బీథోవెన్ విన్న అమెరికన్ల విసుగుకు చుట్టమే.

టేపు పోయాక

1990లలో పలకరింపు టేపు నుంచి చిప్పుకు మారింది. ఇంకో వైపు గోర్డన్ మాథ్యూస్ 1979లో పేటెంటుకు దరఖాస్తు చేసిన వాయిస్ మెయిల్ ఆఫీసుల నుంచి ఇళ్లకు పాకింది, ఇంట్లో పెట్టెతోనే పని లేకుండా చేసింది. ఎవరు పిలుస్తున్నారో తెర మీదే కనబడడంతో విని దాక్కునే ఆటా అయిపోయింది. ఇల్లంతటికీ కలిపి ఒక ఫోను, ఒక పలకరింపు అనే ఏర్పాటు కూడా పోయింది. సరదా పాట మరీ ఎక్కువగా నిలబడింది దాని మీదే. భార్యాభర్తలు, పిల్లలు, ఒకే గదిలో ఉండే విద్యార్థులు కలిసి పాడితేనే అది పండేది. చివరికి వాయిస్ మెయిల్ వంతూ వచ్చింది: 2014 చివర కోకకోలా అట్లాంటా కేంద్ర కార్యాలయంలో వాయిస్ మెయిల్‌నే తీసేసింది.

ఇప్పుడు పాత సామాన్ల దుకాణాల్లో దొరికే మెషీన్లను, వాటిలో మిగిలిపోయిన క్యాసెట్లతో సహా కొనేవాళ్లున్నారు. రబ్బరు బెల్టులు కరిగి జిగురై ఉంటాయి, వాటిని గీకి కొత్తవి వేయాలి. లూపు క్యాసెట్ పరిస్థితి మరీ అధ్వానం. వేల కాల్స్‌కు అదే నాలుగున్నర అడుగుల టేపు హెడ్డుకు రాసుకుని ఉంటుంది, అతుకు ఊడి ఉంటుంది, రేకు రాలిపోతే యంత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. దుకాణంలో అమ్మిన క్యాసెట్లు మాత్రం చాలామంది ఇళ్లలో ఒకటి రెండుసార్లు మోగి అరల్లోకి చేరినవి కాబట్టి బాగానే ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌కు ఎక్కించి వింటే బేస్ గిటారు, డ్రమ్ములు, వెనక పాడే కోరస్ అన్నీ నిండుగా వినిపిస్తాయి. ఆ రోజుల్లో ఫోను చేసిన ఒక్కరికీ ఆ పాట అలా వినబడలేదు. వాళ్లు విన్నట్టే వినాలంటే 300 హెర్ట్జ్‌కు కిందిదీ 3400కు పైదీ కత్తిరించి, కాస్త గరగర కలిపి, చివర్న బీప్ పెట్టుకోవాలి. కొందరు పనిగట్టుకుని అలా చేసి వింటున్నారు కూడా.